మీకు తెలుసా? జ్యూరీ అడిగింది చాంతాడంత, దొరికింది రెండు ముక్కలు

2016లో అమెరికాలోని వర్జీనియాలో ఒక గ్రాండ్ జ్యూరీ రెండు ఫోన్ నంబర్ల గుట్టు విప్పమంటే, సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ ఇవ్వగలిగినవి రెండే రెండు వివరాలు: ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి సర్వర్‌కు ఎప్పుడు కనెక్టయ్యారు.

అడిగిన చిట్టాలో పేరు, చిరునామా, ఈమెయిల్, ఐపీ అడ్రస్, చెల్లింపుల వివరాలు అన్నీ ఉన్నాయి. తీరా చూస్తే ఒక నంబరుకు సిగ్నల్ ఖాతాయే లేదు! రెండోదానికి వచ్చిన జవాబు మిల్లీసెకన్లలో రాసిన రెండు పొడవాటి అంకెలు. అందులోనూ చివరి కనెక్షన్‌కు రోజు తప్ప గంట, నిమిషం తెలియవు.

సిగ్నల్‌ను అప్పట్లో ఓపెన్ విస్పర్ సిస్టమ్స్ నడిపేది. ఈ సంగతి బయటపెట్టొద్దన్న ఆంక్షను ఏసీఎల్‌యూ అనే పౌరహక్కుల సంస్థ సాయంతో సడలింపజేసుకుని, ఆ ఏడాది అక్టోబరులో కాగితాలను జనం ముందుంచింది.

సిగ్నల్‌లో సందేశం తాళంచెవులు మాట్లాడుకునేవాళ్ల ఫోన్లలోనే ఉంటాయి. యాప్ సోర్స్ కోడ్ కూడా బహిరంగమే కాబట్టి, ఓపికుంటే ఎవరైనా చదివి సరిచూసుకోవచ్చు. మన వాట్సాప్ సందేశాలకు తాళం వేసేదీ సిగ్నల్ ప్రోటోకాలే.

అలాగని ఓపెన్ సోర్స్ యాప్‌లన్నిటినీ ఒకే గాటన కట్టేయలేం. ఒక్క కంపెనీ గుప్పిట్లో లేకుండా వేల సర్వర్లపై నడిచే మాస్టోడాన్ అనే సోషల్ నెట్‌వర్క్ సంగతే చూడండి. ఇద్దరి మధ్య ప్రైవేటుగా నడిచే పోస్టులను సైతం సర్వర్ నిర్వాహకులు తలచుకుంటే చదవగలిగేలా దాన్ని కట్టారు. రహస్యాలు ఇక్కడ పంచుకోవద్దని, పోస్టు రాసే పెట్టె దగ్గరే అది హెచ్చరించేది కూడా.