పైలటుకీ నిద్ర వస్తుంది

విమానం నడిపే మనిషికి నిద్ర వస్తుందా అని అడిగితే చాలామంది నవ్వేస్తారు. లక్షల్లో జీతం, ఎదురుగా లెక్కలేనన్ని మీటలు, దీపాలు, వెనక వందమందికి పైగా ప్రయాణికులు - కునుకు ఎలా పడుతుందని వాళ్ళ అనుమానం. జీతాన్ని చూసి నిద్ర ఆగదండీ! మీ వీధిలో రాత్రి కాపలా కాసే గూర్ఖాకు ఏ వేళకు రెప్పలు బరువెక్కుతాయో, ఆకాశంలో ముప్ఫై అయిదు వేల అడుగుల ఎత్తున వున్న పైలటుకూ ఆ వేళకే బరువెక్కుతాయి.

కారణం మన మెదడులోనే వుంది. రెండు కళ్ళ నుంచి వచ్చే నరాలు ఒకదాన్నొకటి దాటుకునే చోట, కాస్త పైన, బియ్యపు గింజకన్నా చిన్న కణాల గుంపు ఒకటుంది. కంటిలో పడిన వెలుతురును బట్టి అది ఒళ్ళంతటికీ వేళలు నిర్ణయిస్తుంది. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోను వూరడం మొదలవుతుంది. తెల్లవారుజామున ఒంటి వేడి బాగా తగ్గిపోతుంది. రాత్రి రెండు నుంచి ఆరు గంటల దాకా మనిషి చురుకుదనం అడుగంటి వుంటుంది. ఈ గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే ముగ్గురు అమెరికన్ శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

"నాకు నైట్ డ్యూటీలు అలవాటైపోయాయి డాక్టరుగారూ" అని నర్సులూ, బస్సు డ్రైవర్లూ నాతో అంటూనే వుంటారు. అలవాటు పడింది మీ మనస్సు. ఆ గడియారం అంత తేలిగ్గా అలవాటు పడదు. డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళేటప్పుడు పొద్దుటి ఎండ కంట్లో పడుతుంది కదా, దాంతో అది మళ్ళీ పాత లెక్కకే వచ్చేస్తుంది.

ఇక రెండోది, మెలకువగా వున్న గంటల లెక్క. 1997లో ఆస్ట్రేలియాలో ఇద్దరు పరిశోధకులు ఒక సంగతి తేల్చారు. పదిహేడు గంటలు ఏకబిగిన మెలకువగా వున్న మనిషి పనితనం, రక్తంలో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల మద్యం వున్నవాడి పనితనం ఒకలాగే వున్నాయట. మన మోటారు వాహనాల చట్టం 30 మిల్లీగ్రాములు దాటితేనే కేసు పెట్టమంటుంది! కాకపోతే పోలీసువారి గొట్టంలో వూదిస్తే మద్యం దొరుకుతుంది గాని, నిద్రలేమి దొరకదు.

2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగుళూరులో కొండ అంచు దాటి లోయలో పడింది. 158 మంది పోయారు, ఎనిమిది మంది బతికారు. అప్పుడు టైము ఉదయం ఆరు దాటి కొద్ది నిమిషాలు. విచారణలో కాక్‌పిట్ టేపు వింటే, కెప్టెను దారిలో గంటా నలభై నిమిషాలపాటు తన సీట్లోనే నిద్రపోయినట్టు తేలింది. తర్వాత లేచాడు, మాట్లాడాడు, విమానాన్ని దించబోయాడు. మరీ ఎత్తు నుంచి వస్తున్నాం, మళ్ళీ పైకి లేపుదాం అని పక్కనున్న కో-పైలటు ఒకటికి రెండుసార్లు హెచ్చరించినా వినిపించుకోలేదు. ఎనిమిది వేల అడుగుల రన్‌వేలో సుమారు 5,200 అడుగులు దాటాక గాని చక్రాలు నేలకు ఆనలేదు.

దీన్నే నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకుంటున్నాను. గాఢనిద్ర నుంచి లేచిన మనిషి కళ్ళు తెరిచి సమాధానాలు చెప్తున్నంత మాత్రాన మెదడు పూర్తిగా లేచినట్టు కాదు. పదిహేను నిమిషాల నుంచి అరగంట దాకా, తెల్లవారుజామునైతే ఇంకా ఎక్కువసేపు, మత్తు మిగిలి వుంటుంది. ఆ సమయంలో మనిషి మొదట అనుకున్నదాన్నే పట్టుకుని వేలాడతాడు. ఎదుటివాడు చెప్పేది చెవిన పడుతుంది, బుర్రకు ఎక్కదు. మంగుళూరు ప్రమాదానికి తోడ్పడిన కారణాల్లో విచారణ సంఘం ఈ మత్తును కూడా చెప్పింది.

అలాగని పైలట్లు కునుకే తీయకూడదని కాదు. అమెరికాలో నాసా వారు జరిపిన పరీక్షల్లో, కో-పైలటు మెలకువగా వుండగా, ముందుగా అనుకుని నలభై నిమిషాల వ్యవధిలో సగటున ఇరవై ఆరు నిమిషాలు కునుకు తీసిన పైలట్లు ఆ తర్వాత హుషారుగా పనిచేశారు. కునుకు చిన్నదిగా వుండాలి, దిగే వేళకు చాలా ముందే లేవాలి.

మన ప్రభుత్వం 2024 జనవరిలో పైలట్ల విశ్రాంతి నియమాలను మార్చింది. వారానికి 36 గంటల విశ్రాంతిని 48 చేసింది. అయిదింటితో ముగిసే 'రాత్రి'ని ఆరింటిదాకా పొడిగించింది. రాత్రిపూట దించగల ల్యాండింగులను ఆరు నుంచి రెండుకు తగ్గించింది. వైద్యుడిగా నాకు ఇందులో తప్పు కనిపించదు. ఇవి 2025 జులైలో కొన్ని, నవంబరులో కొన్ని అమలుకు వచ్చాయి. డిసెంబరులో ఇండిగో సంస్థకు డ్యూటీలకు సరిపడా పైలట్లు లేక వేల విమానాలు ఆగిపోయాయి. అప్పుడు ఆ సంస్థకు రాత్రి డ్యూటీల నియమాలను కొంతకాలం సడలించారు. ప్రయాణికుల అవస్థ నిజమే గాని, సడలించమంటే సడలడానికి శరీరం గవర్నమెంటు ఆర్డరు కాదు.

ఇదంతా మాకెందుకంటారా? గల్ఫ్ నుంచి శంషాబాదు వచ్చే విమానాలు చాలా వరకు అర్ధరాత్రి, తెల్లవారుజామున దిగుతాయి. కొడుకు రెండేళ్ళకు వస్తున్నాడని జగిత్యాల నుంచో, కడప నుంచో ఇంటిల్లిపాదీ బాడుగ కారులో బయల్దేరతారు. పైలటుకు గంటల లెక్కలూ, పక్కన ఇంకో పైలటూ వుంటారు. పగలంతా బండి నడిపి, రాత్రి మీతో వచ్చిన ఆ డ్రైవరుకు ఏమున్నాయి? పైగా తిరుగు ప్రయాణం సరిగ్గా మూడింటికీ ఆరింటికీ మధ్యన.

బయల్దేరే ముందే "నిన్న రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు నాయనా?" అని అడగండి. తుమ్ములకూ జలుబుకూ మాత్ర వేసుకున్నాడేమో కూడా అడగండి, వాటిలో చాలా వాటికి నిద్ర తెప్పించే గుణం వుంది. అద్దాలు దించడం, పాటలు పెట్టడం వల్ల నిద్ర ఆగదు. కాఫీ కొంత పనిచేస్తుంది గాని, పనిచేయడానికి ఇరవై నిమిషాలన్నా పడుతుంది. మాటిమాటికీ ఆవులిస్తున్నా, దాటిన ఊరు ఏదంటే చెప్పలేకపోయినా బండి పక్కకు తీయించండి. అబ్బాయి విమానం కోసం మీరు లోపల కాచుకుని వుండే రెండు గంటలూ డ్రైవరును బండి సీటు వాల్చుకుని పడుకోనివ్వండి, ఊరికే ఫోన్లు చెయ్యకండి. లేపాక వెంటనే తాళం చెవి తిప్పనివ్వకండి. ముఖం కడుక్కుని, టీ తాగి, అరగంట అటూ ఇటూ నడిచాక బండి తీస్తే చాలు.