గుండె దడ, నాడి తప్పడం: సభ్యులు తెలుసుకోవలసిన విషయాలు

కృష్ణా డెల్టాలో పాడి రైతు పని తెల్లవారకముందే మొదలవుతుంది. పాలు పితికి, సంఘం వద్ద పోసి, మేతకు, పొలానికి వెళ్ళే వారిలో కొందరు "గుండె దడదడలాడుతోంది", "మధ్యలో ఒక దెబ్బ తప్పినట్లుంది" అని చెబుతుంటారు. వీటిలో చాలా వరకు ప్రమాదకరం కావు. కొన్ని మాత్రం నిర్లక్ష్యం చేయరానివి.

నాడి వేగం ఎందుకు పెరుగుతుంది?

విశ్రాంతిగా వున్న పెద్దవారి గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. 72 చొప్పున లెక్క వేసినా రోజుకు లక్ష దాటుతుంది. శ్రమ, భయం, జ్వరం వల్ల వేగం పెరగడం సహజం. రక్తహీనత, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం, కొన్ని ఆయాసం మందులు, జలుబు మందులు కూడా కారణమే. చుట్ట, బీడీ, మితిమీరిన టీ, కాఫీ కొందరిలో దడ పుట్టిస్తాయి.

విజయవాడ వేసవిలో మరొక కారణం చెమట. ఒంట్లో నీరు తగ్గితే రక్త పరిమాణం తగ్గుతుంది. వున్న రక్తాన్నే అన్ని భాగాలకు అందించడానికి గుండె వేగంగా కొట్టుకోవాలి. కనుక దాహం వేయకముందే నీరు, మజ్జిగ తాగాలి. రక్తపోటు, గుండె జబ్బు వున్నవారు మజ్జిగలో ఉప్పు గురించి వైద్యుని అడగాలి.

దెబ్బ నిజంగా తప్పుతుందా?

సాధారణంగా తప్పదు, ముందుగా వస్తుంది. గుండె గది రక్తంతో నిండకముందే ముడుచుకోవడం వల్ల ఆ దెబ్బ మణికట్టు వద్ద తెలియదు. తరువాత కొద్ది విరామం వస్తుంది. ఆ విరామంలో గది బాగా నిండి, తరువాతి దెబ్బ బలంగా తగులుతుంది. ఆరోగ్యవంతులలో కూడా అప్పుడప్పుడు ఇలా జరుగుతుంది. నిద్ర చాలకపోతే, దిగులు వుంటే ఎక్కువ కావచ్చు.

ఏ వరుసా లేకుండా నాడి అస్తవ్యస్తంగా కొట్టుకుంటుంటే అది వేరు. గుండె పై గదులు సరిగా ముడుచుకోక వణుకుతుంటే అందులో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చు. ఎక్కువ కాలం రక్తపోటు వున్నవారికి, చిన్నతనంలో కీళ్ళవాపు జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడినవారికి ఈ ప్రమాదం ఎక్కువ. సకాలంలో మందులు వాడితే చాలా వరకు నివారించవచ్చు.

నాడి చూసుకునే పద్ధతి

అయిదు నిమిషాలు కూర్చోవాలి. మణికట్టు మీద బొటనవేలి వైపున చూపుడువేలు, నడిమివేలు ఆనించి, గడియారం చూస్తూ పూర్తి నిమిషం లెక్కించాలి. బొటనవేలితో చూడరాదు, దానిలోని నాడి లెక్కను తారుమారు చేస్తుంది. అంకెతో పాటు వరుస సరిగా వున్నదీ లేనిదీ రాసి వుంచుకోవాలి.

ఎప్పుడు ఆలస్యం చేయరాదు?

దడతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం వున్నా, విశ్రాంతిలో నాడి 120 దాటి తగ్గకపోయినా, మూతి వంకరపోయినా, చేయి చచ్చుబడినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోను చేయాలి. శ్రమ చేస్తున్నప్పుడే దడ వచ్చేవారు, కుటుంబంలో చిన్న వయసులో ఆకస్మిక మరణం జరిగినవారు తప్పక వైద్యునికి చూపించుకోవాలి. దడ వున్న సమయంలోనే ఇ.సి.జి. తీయించుకుంటే కారణం తేలికగా దొరుకుతుంది. పొరుగువారి మాత్రలు వాడడం, వాడుతున్న రక్తపోటు మాత్రలు సొంతంగా మానడం రెండూ ప్రమాదమే.

పాలలో వెన్న శాతాన్ని కంటితో చూసి ఎవరూ చెప్పరు, పరీక్ష చేసి చెబుతారు. గుండె విషయంలోనూ ఊహ పనికిరాదు. సంఘ కార్యదర్శులు ఈ విషయాలను సభ్యులకు, ముఖ్యంగా పాలు పోయడానికి వచ్చే మహిళలకు చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.