కుంగిన కారుకు గాలి బుడగల ఊతం
ఇంటి ముందే బిగించుకుంటున్న టాక్సీ ఓనర్లు

వినుకొండ: శివరాత్రి రోజుల్లో ఇక్కడి నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లే అద్దె కార్లను కాస్త పక్కన నిలబడి చూడండి. ముందు భాగం లేచి ఉంటుంది, వెనక భాగం కూలబడి ఉంటుంది. ఏడు సీట్ల బండిలో పిల్లాజెల్లాతో తొమ్మిదిమంది, డిక్కీలో బియ్యం మూట, వంట సామాను, పైన క్యారియరు మీద పరుపు చుట్టలు. గుంటలో పడితే వెనక ఇరుసు వెళ్లి రబ్బరు దిమ్మకు ఠపీమని కొట్టుకుంటుంది. ఆ దెబ్బ వెనక సీటులో కూర్చున్న ముసలివాళ్ల నడుముకు తెలుస్తుంది. రాత్రిపూట ఇంకో ముప్పు. వెనక కుంగిన కారు దీపాలు రోడ్డు మీద పడవు, ఎదురుగా వచ్చే లారీ డ్రైవరు కళ్లలో పడతాయి.

ఈ బాధ పడలేక కొందరు ఓనర్లు వెనక స్ప్రింగుల్లోకి గాలి బుడగలు పెట్టించుకుంటున్నారు. 'పెట్టించుకోవడం' అనడం కంటే పెట్టుకుంటున్నారు అనడమే సబబు. సరుకు కొరియర్లో వస్తోంది, పని వేపచెట్టు కింద జరుగుతోంది.

గాలి మీద బండిని నిలబెట్టడం పాత విద్యే. అమెరికాలో జనరల్ మోటార్స్ 1953లోనే తన బస్సులకు ఈ ఏర్పాటు చేసింది. 1957లో క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్ అనే ఖరీదైన కారుకు పెట్టింది గానీ, గాలి కారిపోయే జబ్బుతో విసిగి చాలామంది ఓనర్లు మళ్లీ మామూలు స్ప్రింగులే వేయించుకున్నారు. మన దేశానికి 2001లో వోల్వో బస్సులు వచ్చాయి. ఆర్టీసీ గరుడ బస్సులో విజయవాడ నుంచి హైదరాబాదు దాకా నిద్రపోయినవారికి గాలి స్ప్రింగుల సుఖం వేరే చెప్పనక్కర్లేదు.

అయితే బస్సులో ఉన్నది వేరు, ఇక్కడ చెట్టు కింద బిగించేది వేరు. బస్సులో బరువంతా గాలే మోస్తుంది. దానికి కంప్రెసరు, ట్యాంకు, ఎత్తు చూసుకునే వాల్వులు అన్నీ కావాలి. కారుకు ఇలాంటి పూర్తి ఏర్పాటు చేయాలంటే ఉన్న స్ప్రింగులు పీకేయాలి. అది ఇంటి దగ్గర పెట్టుకునే పని కాదు. మనవాళ్లు వేస్తున్నది సాయం బుడగ. కారు స్ప్రింగు అలాగే ఉంటుంది, దాని చుట్ల మధ్య ఖాళీలో సొరకాయంత రబ్బరు బుడగ కూర్చుంటుంది. సైకిలు పంపు మూతిని బొటనవేలితో మూసి నొక్కితే మొదట తేలిగ్గా దిగి, ఆ తర్వాత మొరాయిస్తుంది కదా, ఇదీ అంతే. ఇనుప స్ప్రింగు ప్రతి మూటకూ ఒకేలా కుంగుతుంది. గాలి మాత్రం నొక్కేకొద్దీ బిగుస్తుంది.

వెనక చుట్టల స్ప్రింగులున్న ఇన్నోవా వంటి బండ్లకే ఈ రకం పనికొస్తుంది. కమాను కట్టలుండే బొలేరోకు పనికిరాదు. దానికి ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య నిలిపే వేరే రకం బుడగ ఉంది.

జాకీని నమ్మొద్దు

దగ్గరలోని ఒక ఊళ్లో ఓ టాక్సీ ఓనరు, ఆయన తమ్ముడు కలిసి ఈ పని చేస్తుంటే చూశాం. పొద్దున మొదలుపెట్టి భోజనాల వేళకు ముగించారు. ముందుగా ఖాళీ బండికి వెనక చక్రం నడిమి నుంచి పై రేకు అంచు దాకా టేపుతో కొలిచి గోడ మీద సుద్దతో రాసుకున్నారు. ఇది మంచి పద్ధతి. గాలి కొట్టాక ఎంత లేచిందో అప్పుడే తెలుస్తుంది.

ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టి, వెనక నట్లు వదులు చేసి, బండి లేపారు. ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే. కారుతో ఇచ్చిన జాకీ చక్రం మార్చడానికే గానీ దాని నీడలో మనిషి పడుకోవడానికి కాదు. మన వాకిళ్లు మట్టి నేలలు, జాకీ ఒక పక్కకు దిగిపోతుంది. సిమెంటు ఇటుకలు పేర్చినా లాభం లేదు, బరువుకు ఉన్నట్టుండి పగిలిపోతాయి. వీళ్లు మెకానిక్ షెడ్డు నుంచి రెండు ఇనుప స్టాండ్లు తెచ్చి, అడుగున మందపాటి చెక్కలు వేసి, ఛాసిస్ కింద నిలిపారు. ఇరుసు కింద రెండో జాకీ పెట్టి, షాక్ అబ్జార్బర్ల కింది బోల్టులు ఊడదీసి, ఇరుసును మెల్లగా దించారు. దించుతున్నంతసేపూ తమ్ముడి కళ్లు బ్రేకు గొట్టం మీదే. అది సాగిందంటే ఆపేయాలి.

ఇరుసు దిగాక స్ప్రింగు వదులైంది. కొన్ని బండ్లలో స్ప్రింగు మధ్యలోనే రబ్బరు దిమ్మ ఉంటుంది, దాన్ని తీస్తేనో కోస్తేనో గాని చోటు రాదు. కోసే ముందు ఆ బండికి తగిన బుడగేనా అని మరొక్కసారి చూసుకోవాలి. బుడగలోని గాలంతా పిండి, మూత పెట్టి, అప్పడంలా మడిచి చుట్ల సందులోంచి లోపలికి దోపారు. మూత తీయగానే అది మళ్లీ విచ్చుకుంది.

వెనక పని ఇలా తేలిగ్గా అయిందని ముందు స్ప్రింగుల జోలికి పోకూడదు. చాలా కార్లలో ముందు స్ప్రింగు అణిచి బిగించి ఉంటుంది. తగిన పనిముట్టు లేకుండా పైనట్టు విప్పితే అది తూటాలా లేస్తుంది.

గాలి గొట్టాన్ని కొత్త బ్లేడుతో తిన్నగా కోయాలి. కటింగ్ ప్లేయరుతో నొక్కి కోస్తే మూతి చప్పిడై గాలి కారుతుంది. సైలెన్సరుకు దూరంగా, రేకు అంచులు తగలకుండా తెచ్చి, నంబరు ప్లేటు దగ్గర వాల్వు బిగించారు. రెండు బుడగలకూ కలిపి ఒకే వాల్వు పెట్టుకునే వీలుంది, ఖర్చూ తక్కువే. కానీ ఘాట్ రోడ్డులో తిరిగే బండికి అది చేటు. మలుపులో బయటి పక్క బుడగ మీద బరువు పడగానే అందులో గాలి లోపలి పక్క బుడగలోకి పారుతుంది, బండి ఇంకా ఒరుగుతుంది. వీళ్లు రెండు వాల్వులు విడివిడిగా పెట్టారు.

ఈ బుడగలకు సాధారణంగా 5 పాయింట్లకు తగ్గకూడదు, 35 దాటకూడదు. బుడగ చిన్నది కాబట్టి పంక్చరు షాపు కంప్రెసరుతో కొడితే కన్నుమూసి తెరిచేలోగా పరిమితి దాటిపోతుంది. సైకిలు పంపే మేలు. ఖాళీ బండి అయినా బుడగను ఒట్టిగా వదలకూడదు, చుట్ల మధ్య నలిగి చిరుగుతుంది. అతుకుల మీద సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూశారు. రబ్బరు బుష్‌లున్న బోల్టుల చివరి బిగింపు మాత్రం బండి బరువు చక్రాల మీద పడ్డాకే చేశారు. గాల్లో ఉండగానే బిగిస్తే బుష్‌లు మెలిపడి త్వరగా పోతాయి.

లేచింది బండే, బలం కాదు

గాలి కొట్టగానే బండి వెనక భాగం లేస్తుంది, దీపాలు మళ్లీ రోడ్డు మీద పడతాయి. ఇంతవరకు నిజంగా మేలే. చిక్కంతా ఇక్కడే మొదలవుతోంది. బండి కుంగకపోయేసరికి ఇంకో ఇద్దరిని ఎక్కించుకోవచ్చన్న ధీమా కొందరికి వస్తోంది. బుడగ ఎత్తును సరిచేస్తుంది, అంతే. ఇరుసు అదే, బేరింగులు అవే, బ్రేకులు అవే. దోర్నాల ఘాట్ దిగేటప్పుడు ఆ బరువునంతా ఆపాల్సింది బ్రేకులే గానీ బుడగ కాదు. వెనక కుంగడం ఒక రకంగా బండి చెప్పే 'చాలు' అనే మాట. బుడగ పెట్టాక ఆ మాట వినిపించదు.

టైరు పక్కన సైజు అంకెల తర్వాత ఇంకో అంకె ఉంటుంది. ఉదాహరణకు 91 అని ఉంటే ఆ టైరు మోయగలిగేది 615 కిలోలు. మొత్తం బరువు పరిమితి ఆర్సీ పుస్తకంలో ఉంటుంది. బుడగ పెట్టినంత మాత్రాన ఆ రెండు అంకెలూ మారవు.

చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. అదే ఏడాది తెచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. కాబట్టి కొనే ముందే రవాణా కార్యాలయంలో, బీమా కంపెనీలో అడిగి, జవాబు కాగితం మీద తీసుకోవడం మంచిది.

దారిలో బుడగ పగిలితే ఏమవుతుందని చాలామంది అడుగుతున్నారు. అసలు స్ప్రింగు దాని చోట అది ఉంటుంది కాబట్టి బండి పూర్వంలా కుంగుతుంది తప్ప ఆగిపోదు. ఒక పక్క బుడగే పోతే మాత్రం బండి ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు రెండో దాని గాలి కూడా 5 పాయింట్లకు తగ్గించి, కొంత బరువు దించుకుని, నెమ్మదిగా షెడ్డుకు చేర్చాలి.