కోడిపిల్లకు తొలి మేత

గుడ్డులోంచి బయటికి వచ్చిన కోడిపిల్ల రెండు రోజులు ఏమీ తినకపోయినా బతుకుతుంది. ఎలాగో తెలుసా? గుడ్డు పొదగడానికి 21 రోజులు పడుతుంది. చివరి రోజుల్లో, మిగిలిన పచ్చసొన సంచి నాభి గుండా పిల్ల పొట్టలోకి వెళ్ళిపోతుంది. అది తల్లి కట్టి ఇచ్చిన చద్దిమూట!

ఈ మూటలో కొవ్వు, మాంసకృత్తులే కాదు, రోగాలతో పోరాడే ప్రతిరక్షకాలు కూడా ఉంటాయి. తల్లికి సోకిన రోగాల వల్ల, వేసిన టీకాల వల్ల దాని రక్తంలో తయారైనవే ఇవి. మొదటి రోజుల్లో పిల్లను కాపాడేవి ఇవే. కాని ఇవి అరువు సొమ్ము. రెండు మూడు వారాలలో చాలావరకు తరిగిపోతాయి. ఆలోగా పిల్ల తన సొంత సైన్యాన్ని సిద్ధం చేసుకోవాలి.

ఆ సైన్యం ఎక్కడ తయారవుతుంది? కోడి పేగు చివర, ఆసనానికి పైన ఒక చిన్న సంచి ఉంది. ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు ఫాబ్రీషియస్ దానిని వర్ణించాడు. ఆయన మరణానంతరం, 1621లో ఆ గ్రంథం అచ్చయింది. అందుకే దానిని ఫాబ్రీషియస్ బర్సా అంటారు. దాని పని మాత్రం మూడు వందల ఏళ్ళకు పైగా ఎవరికీ అంతుబట్టలేదు. అమెరికాలో బ్రూస్ గ్లిక్ అనే విద్యార్థి బర్సా తీసేసిన కోళ్ళను పెంచుతున్నాడు. అతని మిత్రుడు తిమోతి చాంగ్, ప్రతిరక్షకాలు పుట్టడాన్ని తరగతిలో చూపడానికి వాటిని తీసుకున్నాడు. తీరా చూస్తే చాలా కోళ్ళలో అవి పుట్టనేలేదు! ఈ సంగతి 1956లో ప్రచురితమైంది. మన రక్తంలోని బి కణాలకు ఆ పేరు బర్సా నుంచే వచ్చింది.

బర్సా, పేగు గోడలలోని రక్షక కణాలు తొలి వారాల్లో వేగంగా ఎదుగుతాయి. అందుకు మేత కావాలి. మేత తగిలితేనే పేగులోని ఆంత్ర చూషకాలు చక్కగా పెరుగుతాయి. మేతతో వచ్చే సూక్ష్మజీవుల వల్ల రక్షక కణాలు మేల్కొంటాయి. విచిత్రమేమంటే, తిన్న పిల్లలోనే పచ్చసొన కూడా త్వరగా ఖర్చవుతుంది. పస్తున్న పిల్లలో మిగిలిపోతుంది!

హేచరీలలో గుడ్లన్నీ ఒకేసారి పగలవు. తరువాత టీకాలు, పెట్టెలకెత్తడం, లారీ ప్రయాణం. ముందు పుట్టిన పిల్ల మేత చూసేసరికి రెండు రోజులు దాటవచ్చు. అలాంటి పిల్లలు బతికినా, వాటి పేగు, రక్షక కణాల ఎదుగుదల వెనుకబడుతుందని పరిశోధనల్లో తేలింది. ఇక్కడే ప్రమాదం ఉంది. తల్లి ఇచ్చిన రక్షణ తరిగే వేళకే, మూడు నుంచి ఆరు వారాల వయసులో, గంబోరో వ్యాధి కాచుకుని ఉంటుంది. దాని వైరస్ నేరుగా బర్సానే దెబ్బతీస్తుంది. ఆపైన కొక్కెర తెగులుకు టీకా వేసినా సరిగా పనిచేయదు.

మీ ఇంట్లో పిల్లలు పొదిగితే, ఒళ్ళు ఆరగానే శుభ్రమైన నీరు, మెత్తటి దాణా అందించండి. నూకలు, తవుడు మాత్రమే చాలవు. పిల్లల దాణాలో నూటికి 20 పాళ్ళ వరకు మాంసకృత్తులు ఉండాలి. మొదటి వారం 35 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం కూడా అవసరం. చలికి ముడుచుకున్న పిల్ల మేతకు రాదు. మేత బాగుంది కదా అని టీకాలు మానరాదు సుమా!

సాయంత్రం పిల్ల మెడ అడుగున ఉండే మేతసంచిని వేలితో మెల్లగా తాకి చూడండి. మెత్తగా, నిండుగా ఉంటే తిన్నట్టే. ఖాళీగా ఉన్న పిల్లలను లెక్కపెట్టి, వాటిని నీటి దగ్గరికి, దాణా దగ్గరికి చేర్చండి.