దీపము వెలుగదేల?

మా వీధిలోని యువకుడొకడు తన మోటారుసైకిలుకు అదనముగా నొక దీపమును అమర్చుకొనెను. పొరుగూరి మిల్లులో పని ముగించుకొని, అతడు ప్రతిరాత్రియు చీకటిబాటను ఇల్లు చేరవలసియుండెను. పది దినములు దీపము చక్కగా వెలిగెను. పదునొకండవనాడు హఠాత్తుగా ఆరిపోయెను. చూడగా ఫ్యూజు కాలియుండెను. క్రొత్తది వేసెను, అదియు కాలెను. విసుగుచెంది, ఫ్యూజు స్థానమున ఒక రాగితీగను చుట్టెను. దీపము వెలిగినది. కాని మలుపు తిరుగునంతలో పెట్రోలు తొట్టి క్రిందినుండి పొగ వెడలెను! స్విచ్చి వెంటనే ఆపుటచే ప్రాణాపాయము తప్పినది.

మరునాడు వృద్ధుడైన మెకానిక్కు ఒకడు ఆ బండిని చూచి, "నాయనా, ఫ్యూజు ఎప్పుడెప్పుడు కాలెను?" అని అడిగెను.

"ఎడమవైపునకు మలుపు తిరుగునప్పుడే, తాతా!"

వృద్ధుడు హ్యాండిలును ఎడమకు త్రిప్పి చూపెను. హ్యాండిలు మెడయొద్ద తీగపై తొడుగు ఒరసికొని అరిగిపోయి, రాగి బయటపడి, ఇనుప చట్రమునకు తగులుచుండెను. "ఫ్యూజు కావలివాడు, నాయనా. అతడు కేకవేసినప్పుడు దొంగను వెదకవలెను గాని, కావలివాని నోరు నొక్కరాదు" అని అతడు పలికెను.

ఈ మాటలోని సత్యమును తెలిసికొందము. జర్మనీ దేశపు ఉపాధ్యాయుడు జార్జి ఓమ్ 1827లో ఒక నియమమును ప్రకటించెను. వోల్టుల సంఖ్యను నిరోధముచే భాగించినచో విద్యుత్ప్రవాహము ఎన్ని ఆంపియర్లో తెలియును. బ్యాటరీ 12 వోల్టులది, వెలుగుచున్న దీపము నిరోధము 4 ఓములు అనుకొందము. ప్రవాహము 3 ఆంపియర్లు. దీనికి 5 ఆంపియర్ల ఫ్యూజు చాలును. తీగ చట్రమునకు తగిలినచో విద్యుత్తు దీపములోనికి పోక, దగ్గరిదారిని మరలిపోవును. అప్పుడు నిరోధము ఓములో పదియవ వంతే యైనచో, లెక్క ప్రకారము ప్రవాహము 120 ఆంపియర్లగును. ఫ్యూజు ఉన్నచో క్షణములో తాను కరగి దారిని తెంచును. లేనిచో తీగయే నిప్పుకణికవలె కాలును.

ఫ్యూజు బాగుగనే యుండి దీపము వెలుగనిచో ఏమి చేయవలెను? తోచినచోటనెల్ల తీగలు లాగరాదు. విద్యుత్తు నడచు దారినే మనమును నడువవలెను. మొదట బ్యాటరీని చూడవలెను. ఇంజను ఆపి కొంతసేపు ఉంచిన పిమ్మట, నిండుగా నున్న 12 వోల్టుల సీసపు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. 12కు తగ్గినచో అది నీరసించినదని యర్థము.

తరువాత రెండు తీగలు గల చిన్న పరీక్షాదీపమును తీసికొనవలెను. ఒక తీగను బ్యాటరీ ఋణధ్రువమునకు తగిలించి, తాళమును స్విచ్చిని తెరచి, రెండవ తీగతో వరుసగా ఫ్యూజునకు ముందు, వెనుక, స్విచ్చికి ముందు, వెనుక, తుదకు దీపమునొద్ద తాకవలెను. ఒకచోట వెలిగి, తరువాతిచోట వెలుగనిచో, దోషము ఆ రెంటి నడుమనే కలదు.

తుదివరకు వెలిగినను అసలు దీపము వెలుగనిచో, బల్బు మాడినదేమో చూడవలెను. అదియు బాగుగనున్నచో, విద్యుత్తు మరలివచ్చు దారిని శంకింపవలెను. మోటారుసైకిలులో సాధారణముగా ఇనుప చట్రమే ఆ దారి. వానలకు అచటి మరమేకు త్రుప్పుపట్టినచో దారి మూసికొనును. ఒక తీగతో దీపపు ఋణభాగమును బ్యాటరీ ఋణధ్రువమునకు కలిపి చూడవలెను. అప్పుడు వెలిగినచో, మరమేకును విప్పి, గరుకుకాగితముతో త్రుప్పును రుద్ది, గట్టిగా బిగించినచాలును.

తీగలను విప్పి సరిచేయుటకు ముందు బ్యాటరీ ఋణధ్రువపు తీగను తొలగింపవలెను. అట్లు చేసినచో, పనిముట్టు పొరపాటున చట్రమునకు తగిలినను అగ్నికణములు లేవవు.

వృద్ధుడు అరిగిన తీగను మార్చి, మెడయొద్ద దానికి వదులుగా త్రోవ కల్పించి, క్రొత్త తొడుగు వేసి, 5 ఆంపియర్ల ఫ్యూజునే మరల ఉంచెను. ఆ యువకుడు నేడును ఆ దీపపు వెలుగుననే ఇల్లు చేరుచున్నాడు. రాగితీగను మాత్రము పారవేయక, తాను చేసిన తప్పునకు గురుతుగా పనిముట్ల సంచిలో దాచుకొనెను.