నురుగుపలకల చాటున చెదలు

వేసవి వచ్చినదనిన భద్రాచలము, పాల్వంచ, కొత్తగూడెము ప్రాంతముల ఇల్లాండ్రకు గుండె గుభేలుమనును. అడవి యంచున నున్న యీ సీమలో ఎండ కొన్ని యేండ్లు 45 డిగ్రీలను దాటుచుండును. పూర్వము పూరికప్పు క్రింద సుఖముగా నిదురించినవారు నేడు ఇనుపరేకుల క్రింద ఉడికిపోవుచున్నారు. అందుచే కొందఱు తెల్లని నురుగుపలకలను తెచ్చి రేకుల క్రింద బిగించుచున్నారు, గోడలకును అంటించుచున్నారు. ఈ పలకలనే మనము థర్మోకోలు అందుము. పాలియురేథేను అను మఱియొక నురుగును గోడపై చల్లి గట్టిపడనిచ్చుటయు కలదు.

ఇవి వేడి నెట్లు ఆపును? థర్మోకోలులో నూటికి 98 పాళ్లు గాలియే. చిన్నచిన్న గదులలో చిక్కుకొని కదలక యుండు గాలి వేడిని సులభముగా సాగనీయదు. మన పూరికప్పు చేయు పనియు నిదియే. గడ్డిపోచల నడుమ నిలిచిన గాలియే ఇంటిని చల్లగా నుంచును. కావున నురుగుపలకలను నిందింప నక్కఱలేదు. కాని వానిని గోడకు అంటించుటకు ముందు ఈ సీమ చెదపురుగులకు పుట్టినిల్లని మఱువరాదు.

తొలకరి వానలకు పుట్టలపై మొలచు పుట్టగొడుగులను అడవి యంచు స్త్రీలు ఏరి తెచ్చి కూర వండుదురు గదా. అవి చెదలు పెంచుకొనిన తోటనుండి వచ్చినవే. చెదలు నమలిన కఱ్ఱతో, ఎండుటాకులతో పుట్టలోపల మడులవంటివి కట్టి, వానిపై ఒక విధమగు బూజును పెంచి తినును. కఱ్ఱ, కాగితము, గడ్డి మున్నగు వానిలోని పీచే వాని యాహారమునకు మూలము. నురుగుపలకలో నట్టి పీచు లేదు. అది చెదలకు ఆహారము కాదు. అట్లయిన భయమేల యని మీరడుగవచ్చును.

ఆహారము కాకున్నను అది వానికి మంచి దారి. చెదపురుగునకు వెలుతురు, పొడిగాలి గిట్టవు. అందుచే బోడిగోడపై ఎక్కవలసివచ్చినచో మట్టిగొట్టము కట్టుకొని, దానిలోపల నడచును. ఆ గొట్టము మన కంటబడును. నురుగుపలక యున్నచోట దాని కీ శ్రమ లేదు. మెత్తని పలకను దవడలతో తొలుచుకొని, చీకటిలో, చెమ్మలో పైకి ప్రాకి, ద్వారబంధమును, దూలమును చేరును. పైకి పలక చెక్కుచెదరక తెల్లగా నుండును. లోపల దూలము గుల్లయై పోవును. చీమలును, ఎలుకలును ఆ నురుగులో గూళ్లు చేసికొనును. ఎలుక యున్నచోటికి పాము వచ్చుట మన మెఱిగినదే.

మన కోయ సోదరీమణుల పాత యిండ్లను చూడుడు. వెదురుతడికకు మట్టి మెత్తి, పేడతో అలికిన గోడ లవి. వానికి చెద పట్టదని కాదు. కాని మరల అలుకునప్పుడెల్ల ఇల్లాలి చేయి గోడ నంతటిని తడవును. మట్టిగొట్టము కనబడినచో అప్పుడే గీకివేయును. పొయ్యిపొగ కప్పులోని పురుగులను తఱుమును. అలుకుట శుభ్రతకొఱకే కాదు, గోడకు చేయు పరీక్షయు నదియే. గోడను పలకతో కప్పితిమా, ఆ పరీక్ష తప్పిపోవును. చిక్కంతయు ఇందే యున్నది.

నష్టము కఱ్ఱకు మాత్రమే కాదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము ననుసరించి ఇచ్చు పట్టా భార్యాభర్తల యిరువుర పేర నుండును. అట్టి కాగితమును గోడగూటిలోనో కఱ్ఱపెట్టెలోనో దాచిన ఇల్లాలు, అవసరము వచ్చి తీసి చూచినపుడు మట్టియే మిగిలినచో, ఆమె పడు బాధ యెంతటిదో యూహింపుడు.

అమెరికాలో చెదలు మిక్కుటముగా నుండు ప్రాంతములలో పునాదులకు మట్టిలోపల నురుగుపలకలు తగిలించుటను గృహనిర్మాణ నియమావళి సామాన్యముగా నిషేధించుచున్నది. నేలపైన నైనను పలకకును మట్టికిని నడుమ 6 అంగుళములు విడువవలెనని విధించుచున్నది. మన దేశమునను కట్టడములకు చెద పట్టకుండ చేయవలసిన పనులను ఐ.ఎస్. 6313 అను భారతీయ ప్రమాణము తెలుపుచున్నది.

కావున సోదరీమణులారా, నురుగుపలకలు వేయదలచినచో ముందు రేకుల క్రిందనే వేయింపుడు. పగటివేడి యధికముగా దిగునది అచ్చటనుండియే. గోడకు వేసినచో అడుగున జానెడు గోడను తప్పక విడిచి, వారమున కొకమాఱు చూచుచుండుడు. ద్వారబంధమును వ్రేలితో తట్టుడు; బోలుగా మ్రోగినచో అనుమానింపుడు. తొలకరిలో ఉసిళ్ల రెక్కలు ఇంటిలోపల గోడమూలనుండియే రాలుచున్నచో పుట్ట దగ్గఱనే యున్నదని గ్రహింపుడు. 1986 ఆగష్టులోను, 2022 జూలైలోను భద్రాచలమువద్ద గోదావరి 70 అడుగులు దాటినది. అట్టి వఱద సోకిన యింట పలకలను ఊడదీసి, గోడ బాగుగా ఆఱిన పిమ్మటనే మరల బిగింపవలెను. పొయ్యిదరిని ఈ పలక లుండరాదు. అంటుకొనినచో విషపుపొగ వెడలును. చెదమందును తెలిసినవారిచేతనే, నూతికి దూరముగా, పిల్లలు లేనపుడు కొట్టింపుడు. పట్టాకాగితములను ఇనుపపెట్టెలో నుంచి, ఆ పెట్టెను గోడకు తగులకుండ పీటపై నుంచుడు.

చల్లని యిల్లు అందఱకును కావలసినదే. కాని ఇల్లాలి కన్నును చేయియు చేరని గోడ ఇంట నుండరాదు.