ఎలక్ట్రానిక్ సిగరెట్: వార్తలు, చట్టాలు, షరీఅత్ దృష్టి

మద్యం, జూదాలను గురించి ప్రశ్నించిన వారికి దివ్య ఖుర్ఆన్ ఇచ్చిన సమాధానం గమనించదగినది. ఆ రెండింటిలో ప్రజలకు కొన్ని లాభాలున్నాయన్న సంగతిని అది దాచలేదు. అయితే వాటి కీడు వాటి లాభంకన్నా పెద్దదని తేల్చి చెప్పింది (అల్ బఖర: 219). సంపూర్ణ నిషేధం ఆ తర్వాత వచ్చింది (అల్ మాయిద: 90). ఒక వస్తువును నిషేధించడానికి దానిలోని లాభాన్ని కాదనవలసిన పనిలేదనీ, లాభమున్నంత మాత్రాన అది ధర్మసమ్మతం కాజాలదనీ దీనివల్ల బోధపడుతుంది. మేలును మేలుగా, కీడును కీడుగా తూచి ఆపైన తీర్పు చెప్పడమే న్యాయం.

ఎలక్ట్రానిక్ సిగరెట్ విషయంలో లోపించినది ఈ తూకమే. పత్రికలు, టెలివిజన్ దీనిని ఒకసారి పొగ త్రాగేవారి పాలిటి సంజీవనిగా చూపాయి. మరొకసారి సిగరెట్‌ను మించిన విషంగా చూపాయి. ఈ రెండు చిత్రాల మధ్య చిక్కుకొన్న యువకుడు, "ఇందులో పొగ లేదు గదా, ఇది హరామ్ ఎలా అవుతుంది?" అని అడుగుతాడు. అతనికి సమాధానం చెప్పే ముందు ఆ వస్తువు ఏమిటో తెలియాలి.

వస్తువు స్వరూపం

నేటి ఎలక్ట్రానిక్ సిగరెట్‌కు 2003లో రూపమిచ్చినవాడు చైనాకు చెందిన హాన్ లిక్ అనే ఔషధ శాస్త్రజ్ఞుడు. అతడు స్వయంగా ధూమపానానికి అలవాటుపడినవాడు. పరికరంలో ఒక బ్యాటరీ, వేడెక్కే తీగచుట్ట, ద్రవం నింపిన చిన్న గొట్టం ఉంటాయి. ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్, రుచికీ వాసనకూ కలిపే పదార్థాలు ఉంటాయి. సాధారణంగా నికోటిన్ కూడా ఉంటుంది. తీగ వేడికి ద్రవం సన్నని తుంపరగా మారుతుంది. త్రాగేవారు దానినే పీలుస్తారు.

సిగరెట్‌లో పొగాకు కాలుతుంది. తారు, కార్బన్ మోనాక్సైడ్, క్యాన్సర్‌ను కలిగించే పలు పదార్థాలు ఆ కాలడంవల్లనే పుడతాయి. ఎలక్ట్రానిక్ సిగరెట్‌లో కాలడం లేదు కాబట్టి వీటిలో చాలావరకు ఉండవు, లేదా బాగా తక్కువగా ఉంటాయి. ఇది ఒప్పుకోవలసిన మాట. అయితే ఆ తుంపర వట్టి నీటి ఆవిరి కాదు. ఫార్మాల్డిహైడ్ వంటి హానికర పదార్థాలు, లోహాల సూక్ష్మకణాలు అందులో కనిపించాయి. నికోటిన్ మనిషిని బానిసను చేస్తుంది; ఎదిగే వయసులోని మెదడుకు హాని చేస్తుంది. ఇదీ ఒప్పుకోవలసిన మాటే.

రెండు వార్తల కథ

2015 ఆగస్టులో ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థ ఒక నివేదిక ప్రకటించింది. ఎలక్ట్రానిక్ సిగరెట్ మామూలు సిగరెట్‌కన్నా సుమారు 95 శాతం తక్కువ హానికరమన్నది అందులోని మాట. ఈ సంఖ్య ప్రపంచమంతటా ప్రాకింది. కాని అది రోగులను ఏళ్ల తరబడి పరీక్షించి కొలిచిన లెక్క కాదు. కొద్దిమంది నిపుణులు కూర్చుండి వేసిన అంచనాయే దానికి ప్రధానమైన ఆధారం. ఆ ఆధారపు బలహీనతను 'లాన్సెట్' వైద్యపత్రిక అదే సంవత్సరం తన సంపాదకీయంలో విమర్శించింది. పైగా "95 శాతం తక్కువ హాని" అన్న మాట, చేతులు మారగా మారగా, "95 శాతం క్షేమం" అయి కూర్చున్నది. ఈ రెండూ ఒకటి కావు. సిగరెట్‌వంటి మహా హానిలో ఇరవయ్యవ వంతు కూడా హానియే.

రెండవ వార్త 2019 నాటిది. అమెరికాలో ఎలక్ట్రానిక్ సిగరెట్లు పీల్చిన పలువురు ఊపిరితిత్తులు దెబ్బతిని ఆసుపత్రుల పాలయ్యారు. 2020 ఫిబ్రవరి నాటికి అటువంటివారి సంఖ్య 2,807కు చేరింది. 68 మంది మరణించారు. ఎలక్ట్రానిక్ సిగరెట్ ప్రాణాలు తీస్తున్నదని పతాక శీర్షికలు వెలువడ్డాయి. ప్రయోగశాలలలో పరిశోధన జరుగగా అసలు దోషి చాలావరకు విటమిన్ ఇ అసిటేట్ అనే నూనెవంటి పదార్థమని తేలింది. పరీక్షించిన 51 మంది రోగులలో 48 మంది ఊపిరితిత్తుల ద్రవంలో అది కనిపించింది. దొంగచాటుగా అమ్మే గంజాయి సారంలో దానిని కల్తీ చేసేవారు. మొదటి వార్తకు లభించిన ప్రచారం ఈ వివరణకు లభించలేదు.

ఈ గందరగోళంలో మరొక నిజం మరుగున పడింది. 2019లో అమెరికా ఉన్నత పాఠశాలల విద్యార్థులలో 27.5 శాతం మంది ఎలక్ట్రానిక్ సిగరెట్ వాడుతున్నట్లు అక్కడి ప్రభుత్వ సర్వే తెలిపింది. 2024 నాటికి అది 7.8 శాతానికి తగ్గింది. మామిడి, పుదీనా వంటి రుచులు ఎన్నడూ సిగరెట్ ముట్టని పిల్లలను సైతం ఆకర్షించాయి. కల్తీ సరుకు కథకన్నా సమాజం పట్టించుకోవలసిన కథ ఇది.

వార్త వచ్చినపుడు దానిని విచారించి నిర్ధారించుకోవాలనీ, లేనిచో తెలియక ఇతరులకు హాని చేసి పశ్చాత్తాపపడవలసి వస్తుందనీ ఖుర్ఆన్ హెచ్చరిస్తుంది (అల్ హుజురాత్: 6). ఈ ఆదేశం యుద్ధవార్తలకే పరిమితం కాదు, వైద్యవార్తలకూ వర్తిస్తుంది.

చట్టాల తీరు

బ్రిటన్ ఈ వస్తువును సిగరెట్ మాన్పించే సాధనంగా స్వీకరించింది. 18 ఏళ్లలోపు వారికి అమ్మరాదనీ, ద్రవంలో నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు మించరాదనీ హద్దులు పెట్టింది. అయినా పిల్లలలో వాడకం పెరుగగా, ఒకసారి వాడి పారవేసే పరికరాల అమ్మకాన్ని 2025 జూన్ 1 నుండి నిషేధించింది.

మలేషియాలో జాతీయ ఫత్వా మండలి 2015 డిసెంబరులో ఎలక్ట్రానిక్ సిగరెట్‌ను హరామ్‌గా ప్రకటించింది. కాని ప్రభుత్వ చట్టం ఆ బాట పట్టలేదు. 2023లో నికోటిన్ ద్రవాన్ని విషపదార్థాల జాబితానుండి తొలగించి పన్ను విధించారు. అమ్మకాన్ని అదుపు చేసే ప్రత్యేక చట్టం 2024 అక్టోబరులో అమలులోకి వచ్చింది. ముస్లిం దేశంలో సైతం ఫత్వా, చట్టం వేర్వేరు దారుల్లో నడిచాయన్నమాట.

భారత ప్రభుత్వం 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు ద్వారా వీటి తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలను పూర్తిగా నిషేధించింది. డిసెంబరులో అది చట్టమయింది. మొదటి నేరానికి ఒక సంవత్సరం వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అమెరికా వార్తలు ముమ్మరంగా వస్తున్న రోజులవి. ఆ కల్తీ పదార్థం సంగతి ఇంకా నిర్ధారణ కాలేదు. పిల్లలను కాపాడటం ప్రభుత్వం చెప్పిన ముఖ్య కారణం. అది సబబైనదే. అయితే 2016-17 సర్వే ప్రకారం దేశంలో పొగాకు వాడే పెద్దలు సుమారు 26 కోట్ల 70 లక్షలు. వారు వాడే సిగరెట్, బీడీ, ఖైనీలకు ఈ నిషేధం వర్తించలేదు. పొగాకు బోర్డు గుంటూరులోనే ఉన్నది. నిజామాబాద్ ప్రాంతంలో బీడీలు చుట్టి పొట్టపోసుకొనే స్త్రీలలో ముస్లిములూ ఉన్నారు. పన్నులు, జీవనోపాధులు అల్లుకొన్న పాత వస్తువును పెకలించడం కష్టం. వేళ్లూనని కొత్త వస్తువును ఆపడం తేలిక. కాని పాతది అంగడిలో ఉన్నంత మాత్రాన అది కొత్తదానికన్నా మేలైనదని భ్రమపడరాదు.

ఫుఖహాల చర్చ

పొగాకు ముస్లిం దేశాలకు వచ్చినపుడు కూడా ఇటువంటి వివాదమే చెలరేగింది. ఉస్మానీ సుల్తాన్ నాలుగవ మురాద్ 1633లో దానిని నిషేధించి మరణశిక్షలు అమలుచేశాడు. అయినా ప్రజలు మానలేదని ఆ కాలపు పండితుడు కాతిబ్ చెలెబీ తన 'మీజానుల్ హఖ్'లో నమోదు చేశాడు. డమాస్కస్ పండితుడు అబ్దుల్ ఘనీ నాబులుసీ పొగాకు ధర్మసమ్మతమేనంటూ ప్రత్యేక గ్రంథమే రచించాడు. పొగాకు మత్తు కలిగించదు, హరామ్ అనడానికి స్పష్టమైన ఆధారం లేదు, హాని అందరికీ కలుగుతుందని రుజువు కాలేదు అన్నది అనుమతించినవారి వాదం.

1950 తర్వాత సిగరెట్‌కు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు గల సంబంధం రుజువయింది. అప్పటినుండి ఎందరో ఉలమాలు మక్రూహ్ అన్న మాటను వదలి హరామ్ అన్నారు. మారినది షరీఅత్ సూత్రం కాదు. తానూ హాని పొందరాదు, ఇతరులకూ హాని చేయరాదన్న ప్రవక్త (స) బోధన మొదటినుండీ ఉన్నదే. మారినది వస్తువును గురించిన జ్ఞానం.

ఇద్దరు మనుషులు, రెండు ప్రశ్నలు

వార్తలు ఒకటిగా కలిపివేసినవి నిజానికి రెండు ప్రశ్నలు. ఎన్నడూ పొగ త్రాగని యువకుడిది మొదటిది. అతనికి ఈ వస్తువువల్ల కలిగే లాభం లేదు; బానిసత్వం, ధనవ్యయం, శరీరానికి హాని మాత్రమే ఉన్నాయి. కీడుకు దారితీసే ద్వారాన్ని ముందే మూసివేయాలన్న 'సద్దుజ్జరాయి' సూత్రం ఇక్కడ వర్తిస్తుంది. ఇండోనేషియాలోని ముహమ్మదియా సంస్థ 2020లో హరామ్ అని ప్రకటించినా, మలేషియా మండలి అంతకుముందే ఆ మాట చెప్పినా, ఇతని విషయంలో వాటి సబబు స్పష్టమే.

ఇరవై ఏళ్లుగా సిగరెట్ త్రాగుతూ మానలేక బాధపడే మనిషిది రెండవ ప్రశ్న. ఇంగ్లండులో 886 మందిపై జరిగి 2019లో ఫలితాలు ప్రకటించబడిన పరీక్షలో, ఎలక్ట్రానిక్ సిగరెట్ వాడినవారిలో 18 శాతం మంది సంవత్సరం తర్వాత కూడా సిగరెట్ మానివేసి ఉన్నారు. నికోటిన్ బిళ్లలు, పట్టీల వంటివి వాడినవారిలో 9.9 శాతం. ఇది కాదనరాని లాభం. కాని సిగరెట్ మానిన ఆ మొదటి వర్గంలో 80 శాతం మంది ఎలక్ట్రానిక్ సిగరెట్‌ను ఇంకా వదలలేదు. ఒక సంకెల తెగి మరొకటి మిగిలిందన్నమాట. రెండు కీడులు తప్పనప్పుడు తేలికైనదానిని ఎన్నుకోవాలన్న ఫిఖ్హ్ సూత్రం తప్పనిసరి పరిస్థితికి చెందినది. చట్టం నిషేధించని మార్గాలున్న మన దేశంలో ఆ పరిస్థితి ఉన్నదనడం కష్టం. నికోటిన్ గమ్ మందుల దుకాణాలలో లభిస్తుంది. 1800-11-2356 నంబరుకు ఫోను చేస్తే పొగాకు మానడానికి ఉచితంగా సలహా ఇస్తారు. అన్నిటికీ మించి, రోజంతా సిగరెట్ లేకుండా గడపగలనని ప్రతి రమజానులోనూ ఉపవాసియైన ముస్లిం తనకు తానే రుజువు చేసుకొంటున్నాడు.

కుమారుని జేబులో ఈ పరికరం దొరికిన తండ్రి "ఇది సిగరెట్‌కన్నా ఘోరమైన విషం" అని గద్దించవచ్చు. అది నిజం కాదని కుమారునికి రేపే తెలిసిపోతుంది. ఆనాటినుండి తండ్రి చెప్పే నిజాన్ని కూడా అతడు నమ్మడు. ఇందులోని మేలు ఎవరికో, కీడు ఎవరికో విడమరచి చెప్పిన తండ్రి మాటకు మాత్రం విలువ నిలుస్తుంది. లాభాన్ని దాచకుండానే కీడు పెద్దదని చెప్పడం ఖుర్ఆన్ నేర్పిన పద్ధతి.